పన్నెండు బొమ్మలు, నూట ఇరవై బొమ్మలు

పోటు 18,342

కొత్త కార్డులు వచ్చాయి. పదకొండు పడవలకు పదకొండు. గట్టు నుంచి జలమార్గాల కచేరీ లాంచీ తెచ్చింది. వెంట వచ్చిన ఇంజనీరు గారి పేరు కరుణాకర్. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. నీళ్ల మీద నిలిచిన మా తిప్పపాలెం ఇనుప నిచ్చెన ఎక్కుతూ చెప్పు ఒకటి నీళ్లలో పడేసుకున్నారు. అయినా నవ్వారు. పున్నమి దాకా ఇక్కడే ఉంటారట.

పాత కార్డులు విప్పి పెట్టెలో సర్దమన్నారు. పున్నమి పోటుకు లాంచీ మళ్లీ వస్తుంది. పట్టుకెళ్లి కరిగించి రాగి తీస్తారట.

సరేనన్నాను.

నీళ్లు రాకముందు ఈ గ్రాఫిక్స్ కార్డుల మీద కుర్రాళ్లు ఆటలు ఆడుకునేవారని మా నాన్న చెప్పేవాడు. మాకు మాత్రం ఇవే కళ్లు. పడవ అడుగున ఉన్న చెవి నీళ్లలోకి చప్పుడు పంపుతుంది, తిరిగొచ్చింది వింటుంది. విన్నదాన్ని కార్డు తెర మీద బొమ్మగా గీస్తుంది. సరంగు ఆ బొమ్మ చూస్తూ చుక్కాని తిప్పుతాడు. మా నీళ్లు టీ రంగు. కింద మునిగిపోయిన పాత బజారు ఉంది. కరెంటు స్తంభాలు, మేడలు, సినిమా హాలు గోడలు. బొమ్మ లేకుండా నడిపితే పడవ చీలుతుంది.

కార్డులు చూసుకునే పని నాది. పని పట్టిన రోజు నుంచి పోట్లు లెక్కపెట్టి ఈ పుస్తకంలో రాస్తున్నాను. రోజుకు రెండు. ఇరవై ఆరేళ్లు.

పోటు 18,343

పొద్దున్నే పరీక్ష పెట్టాం. ఎప్పటి పద్ధతే. నాలుగో నెంబరు పడవను రేవుకు రెండు తాళ్లతో కట్టాం. పరీక్ష కాని కార్డుతో పడవ విప్పకూడదన్నది మా రేవు కట్టుబాటు. కార్డుకు పసుపు రాశారు. గెడ ఒకటి నీళ్లలో నిలబెట్టాం. తెర మీద గెడ కనిపించాలి. తెర మూలన అంకె కూడా కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని బొమ్మలో ఆ అంకె చెబుతుంది.

పాతది పన్నెండు.

కొత్తది నూట ఇరవై.

నాలుగో నెంబరు సరంగు నాగూరమ్మ. నలభై దాటింది. ఇరవై ఏళ్లుగా నడుపుతోంది, ఒక్క గీత పడనివ్వలేదు. నన్ను బాబాయ్ అంటుంది. తెర చూసి నోరు తెరిచింది.

"ఓలమ్మో, పట్టుచీర జారినట్టుంది బాబాయ్! పాతదైతే ముసలోడు మెట్లెక్కినట్టు, ఆగి ఆగి. అచ్చం నీలాగే."

రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను. కోడి ఈకతో ఉప్పు దులిపి, విరిగిన ఫ్యానుకు కొబ్బరి చిప్పతో రెక్క చెక్కి నడిపించిన కార్డులవి. కొత్తదాంట్లో పదోవంతే అని అప్పటిదాకా నాకు తెలియదు.

పుస్తకంలో రాసి సంతకం పెట్టాను: కొత్తదే మేలు. కొప్పాడ పోలరాజు.

పోటు 18,344

పాతవి విప్పాను. ఒక్కోదాన్నీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. ఈ రోజు ఇంకేమీ రాయను.

పోటు 18,347

నాలుగో నెంబరు దెబ్బ తింది.

పాత బజారు మీదుగా వస్తుంటే నీటి కింద కొట్టుకొస్తున్న తాటిదుంగ తగిలింది. ముందు పలక చీలింది. పడవలో ఆరుగురు. చేతులతో, గిన్నెలతో నీళ్లు తోడుకుంటూ రేవు చేరారు. అందరూ బతికారు. నాగూరమ్మ ఎడమ మణికట్టు విరిగింది.

సాయంత్రం పంచాయితీ అరుగు మీద అందరూ చేరారు. ప్రెసిడెంటు దైవసహాయం చెడ్డవాడు కాదు. కానీ ఒకసారి ఒక మాట అనుకుంటే దాన్ని పట్టుకుని వేలాడతాడు.

"ఎట్టా గుద్దావమ్మా?"

"కనపళ్లేదండి."

"కనపడకపోడమేంటి? సెకనుకు నూట ఇరవై బొమ్మలు! నీ మొగుడి మొహం కూడా నీకంత బాగా కనపడి ఉండదు."

"అది నిజమేలెండి. కానీ దుంగ కనపళ్లేదు. గుద్దాక కనపడింది."

"గుద్దాక నాకూ కనపడుద్ది. కార్డు మంచిదని పోలరాజు బాబాయి సంతకం పెట్టాడు. ఆయన సంతకం పెడితే ఇక తిరుగులేదు. అంటే నువ్వు చూడలేదు. ఎటో చూస్తన్నావు."

నాగూరమ్మ నా వైపు చూసింది. అందరూ చూశారు. నాకు నలుగురిలో నోరు రాదు. నా పక్కన తాడు చుట్ట ఉంది. దాన్ని సర్దుతూ కూర్చున్నాను.

ఆమె చుక్కాని తీసేశారు. పున్నమికి ఊరంతా గట్టుకు దాటాలి. తుఫాను నెలలు అక్కడే గడుపుతాం. రెండు వందల పన్నెండు మంది. ఆ పడవలేవీ ఇక ఆమె నడపకూడదని తీర్మానం.

పోటు 18,348

నాగూరమ్మ వచ్చింది. చేతికి వెదురు బద్దలు కట్టారు. కూర్చోలేదు.

"నువ్వు కూడా అదే అనుకుంటన్నావా బాబాయ్?"

"చూస్తూనే ఉన్నావా అమ్మా?"

"రెప్ప కొట్టలేదు. నా బిడ్డ మీద ఒట్టు. తెర మీద నీళ్లే. నున్నగా, సుబ్బరంగా నీళ్లు. ఆ నున్నటి నీళ్లలోంచి ఢబ్‌మని."

నేను పుస్తకం తిరగేసి నా సంతకం చూసుకున్నాను.

"చుక్కాని పోతే పోయింది. పున్నమినాడు ఆ తెర చూసుకునే పదకొండు పడవలూ బజారు మీదుగా పోతాయి. అప్పుడెవరి మొహం చూసి నువ్వు తాళ్లు సర్దుతావో చూస్తా."

వెళ్లిపోయింది.



పోటు 18,349

నాలుగో నెంబరు రేవులో వాలి ఉంది. కార్డు బాగానే ఉంది. కట్టిన పడవ మీద మళ్లీ పరీక్ష పెట్టాను. గెడ నిలబెట్టాను. గెడ కనిపించింది, నిలువునా, గీత గీసినట్టు. అంకె నూట ఇరవై. మూడుసార్లు చూశాను. తప్పు లేదు.

ఒక్క క్షణం, నాగూరమ్మ నిజంగానే చూడలేదేమో అనుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

గెడ తీసి పక్కన పెట్టాక, లోతు చూడటానికి సీసపు గుండుకు తాడు కట్టి వదిలాను. అలకు గుండు ఊగింది. తెర మీదా ఊగింది. తాడు నా చేతిలో కుడికి లాగుతోంది. తెర మీద గుండు ఎడమకు పోతోంది.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను.

తాడును కావాలని ఊపాను. ఠక్కున ఆపాను. తెర మీద గుండు ఆగలేదు. అదే ఊపుతో ఇంకా కొంచెం పోయి, ఆ తర్వాత ఎగిరి సరైన చోటికి వచ్చింది.

ఇక తాడు పట్టి గుండును పూర్తిగా పైకి లాగేశాను.

గుండు నా అరచేతిలో ఉంది. నీళ్లు కారుతున్నాయి. తెర మీద గుండు ఇంకా ఊగుతూనే ఉంది. కుడికి, ఎడమకు. ఒక పూర్తి ఊపు. తర్వాత మాయమైంది.



పోటు 18,350

పెట్టె విప్పి పాత ఏడో నెంబరు కార్డు తీశాను. నాలుగో నెంబరులోనే, అదే చెవికి, పక్కన ఇంకో తెర పెట్టి తగిలించాను. గుండు ఊపాను.

పాతదాంట్లో గుండు గెంతుతూ పోయింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది. కానీ నా చెయ్యి ఎటో అదీ అటే. గుండు బయటికి తీశాను. మరుసటి బొమ్మలో గుండు లేదు. కొత్త తెర మీద ఉంది.

నిలబెట్టిన గెడను రెండూ నిజంగానే చూపిస్తాయి. కదలనిదాన్ని ఏ కార్డయినా సరిగ్గా గీస్తుంది. ఇరవై ఆరేళ్లుగా నేను కట్టిన పడవ మీద, కదలని గెడ చూసి సంతకాలు పెట్టాను. పాతవాటికి ఆ పరీక్ష సరిపోయింది. అది వాటి మంచితనం, నా తెలివి కాదు.

కరుణాకర్ గారి దగ్గరికి వెళ్లాను. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఆయనే చూసి పిలిచారు.

"రండి పెద్దాయనా. టీ తాగుతారా?"

"ఒకసారి రేవుకు రావాలండి."

"ఏమైంది?"

"చెప్పడం రాదండి. చూపిస్తాను."

వచ్చారు. నేను గుండు ఊపి చూపించాను. ఆయన ముందు నమ్మలేదు.

"తెర ఆలస్యం కావచ్చు. కేబుల్ వదులైందేమో. మీ అనుభవం గొప్పదే, కాదనను. కానీ ఇలాంటి పరీక్ష మా కచేరీ పుస్తకంలో లేదండీ."

"నా పుస్తకంలోనూ లేదండి."

తాడు ఆయన చేతికిచ్చాను. "మీరే లాగండి."

ఆయన లాగారు. గుండు చేతిలోకి వచ్చింది. తెర వైపు చూశారు. అరచేతి వైపు చూశారు. మళ్లీ తెర వైపు. ఐదుసార్లు చేశారు. ఆరోసారి గుండును ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు.

కాసేపటికి చెప్పారు. కొత్త కార్డు గీసే నిజం బొమ్మ మూడు సెకన్లకు ఒక్కటే. మిగతావన్నీ మధ్యలో అదే ఊహించి నింపుతుంది. చూసేవాళ్లకు నున్నగా ఉండాలని. అలా అయితే కరెంటు తక్కువ తింటుంది, అంకె పెద్దదిగా కనిపిస్తుంది.

"మరి చెవి వినలేదా అండి, దుంగను?"

"విని ఉంటుంది. కానీ నిజం బొమ్మ వంతు ఇంకా రాలేదు. నీళ్లుంటాయి అనుకుని నీళ్లు గీసింది."

"ఆ ఊహ ఆపొచ్చా?"

"ఆపొచ్చు. కార్డుకు సత్తువ బోలెడుంది. అన్నీ నిజమే గీయమంటే గీస్తుంది. కానీ ఆ మీట మీద కచేరీ సీలు ఉంది. ఊరి తీర్మానం లేకుండా నేను సీలు తీస్తే ఉద్యోగం పోతుంది."

ఊరి తీర్మానం అంటే పంచాయితీ. పంచాయితీ అంటే నలుగురిలో మాట్లాడాలి.

పోటు 18,351

మాట్లాడాను.

ఏం చెప్పాలో ముందే ఈ పుస్తకంలో రాసుకుని వెళ్లాను. లేచి నిలబడితే అక్షరాలు అలుక్కుపోయాయి. అందుకని పుస్తకం తెరిచి, నా సంతకం ఉన్న చోట అడ్డంగా గీత కొట్టి, అందరికీ చూపించాను.

"నేను చూసింది తప్పు. నాగూరమ్మ చూసింది నిజం."

అంతే. కూర్చున్నాను.

దైవసహాయం గట్టిగా నిట్టూర్చాడు. "అదేంటి బాబాయ్, నువ్వే పెట్టి నువ్వే కొట్టేస్తే ఎట్టా? రేపు ఇంకోటి కొట్టేస్తావు. నా కళ్లతో నేను చూస్తేగానీ నమ్మను."

"అయితే రా ప్రెసిడెంటు గారూ," అంది నాగూరమ్మ వెనక నుంచి. "నా పక్కన కూర్చో. కళ్లు తెచ్చుకో మరి."

పోటు 18,352

ఈ పోటు గురించి పూర్తిగా రాస్తాను.

పరీక్ష విప్పిన పడవ మీద. మా రేవులో ఇది మొదటిసారి. ముసలమ్మలు కొందరు వద్దన్నారు, అరిష్టమన్నారు. నాగూరమ్మ తానే తాడు విప్పింది.

పాత బజారు మీద, రేవు నుంచి నీళ్ల ట్యాంకు దాకా దారి. దారిలో ఎనిమిది బుట్టలు. ఇసుక నింపి తాళ్లకు కట్టి నీళ్లలో ముంచారు. పక్క పడవల్లో మనుషులు ఆ తాళ్లు పట్టుకున్నారు. ఇష్టం వచ్చినప్పుడు లాగుతారు. బుట్టలు పడవ అడుగుకు తగిలేంత లోతులో కదులుతాయి. పడవ బుట్టను తగిలితే తాడు పట్టుకున్నవాళ్లు చెయ్యెత్తాలి.

ఐదో నెంబరు పడవ. నాగూరమ్మ ఒంటి చేత్తో చుక్కాని. పక్కన దైవసహాయం, తెరకు ముక్కు ఆనించి. వెనక నేను, కరుణాకర్ గారు.

మొదటి దఫా. కొత్త కార్డు, వచ్చింది వచ్చినట్టు. నూట ఇరవై.

"అద్దంలా ఉందే!" అన్నాడు దైవసహాయం. "పోనియ్ నాగూరమ్మా. ఎడమకు కొద్దిగా. అదిగో బుట్ట, ఎడం పక్క. బాగా కనపడతంది. పోనియ్, పోనియ్, ముందంతా ఖాళీ, ఏమీ లే..."

ఢబ్.

ప్రెసిడెంటు తలపాగా తెర మీద పడింది. పక్క పడవలో చెయ్యి లేచింది.

"కళ్లు తెచ్చావా?" అంది నాగూరమ్మ.

ఎనిమిదింట్లో ఐదు గుద్దాం. ఆఖరి రెండు బుట్టలకు దైవసహాయం మాట్లాడటం మానేసి పడవ అంచు పట్టుకున్నాడు.

రెండో దఫా. పాత ఏడో నెంబరు. పన్నెండు. గెంతుతూ, ఆగుతూ. నాగూరమ్మ నెమ్మదిగా నడిపింది. బుట్ట కదిలిన ప్రతిసారీ ఆమె భుజం కదిలింది. ఆరు దాటాక ఒకటి పడవ అడుగును రాసుకుంది. ఒకటి గుద్దాం. రాస్తున్నాను. మొత్తం దారికి మొదటి దఫా కన్నా రెట్టింపు సమయం పట్టింది.

రేవంతా ఈలలు. కుండల మీద దరువులు. "పాతదే! పాతదే!" అని అరుపులు. నా పేరు కూడా అరిచారు. నేను కార్డు వేడి చూసే వంకతో వంగి కూర్చున్నాను.

దైవసహాయం లేచాడు. "తీర్మానం రాయండి. కొత్తవన్నీ లాంచీలో వెనక్కి..."

"ఇంకోటి ఉందండి," అన్నాను.

"ఇంకేంటి బాబాయ్? గెలిచావు కదా!"

"సీలు తీసి చూడాలి."

కరుణాకర్ గారు నా మొహం చూశారు. పాతదాన్ని గెలిపించి అక్కడితో ఆపొచ్చని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ పడవల్లో ఎక్కేది రెండు వందల పన్నెండు మంది. వాళ్లకు ఏది బాగా చూపిస్తుందో అదే ఉండాలి. నా చేతులతో దులిపిందా కాదా అన్నది వాళ్లకు అక్కర్లేదు.

తీర్మానం అక్కడికక్కడే రాశారు. దైవసహాయం సంతకం. నా సంతకం. కరుణాకర్ గారు సీలు తెంపారు. తెంపిన ముక్కను జేబులో పెట్టుకున్నారు.

మూడో దఫా. కొత్త కార్డు, ఊహ ఆపేసి. తెర మూలన అంకె పడిపోయింది. నూట ఇరవై లేదు.

నలభై నాలుగు.

"తగ్గిందే!" అన్నాడు దైవసహాయం.

"అన్నీ నిజమేనండి," అన్నారు కరుణాకర్ గారు.

నాగూరమ్మ చుక్కాని పట్టుకుంది. మొదటి బుట్ట దాటింది. రెండోది లాగారు, వంపు తిరిగి దాటింది. మూడు, నాలుగు. పక్క పడవల వాళ్లు పంతం పట్టి ఐదోదాన్ని సరిగ్గా పడవ ముందుకు లాగారు. వాళ్లు లాగక ముందే ఆమె తిప్పినట్టుంది. దైవసహాయం నోరు మూసుకుని తెర చూస్తున్నాడు, పెదవులు లోపలే లెక్కపెడుతున్నాయి. ఆరు. ఏడు. ఎనిమిదో బుట్టకు, నీళ్ల ట్యాంకుకు మధ్య పడవ పట్టేంత సందే ఉంది. వేగం తగ్గించలేదు.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

పక్క పడవలో తాడు పట్టుకున్న ఒకాయన తాడు వదిలేసి నీళ్లలోకి దూకాడు, ఊరికే, సంతోషం పట్టలేక. అతని వెనక ఇంకో నలుగురు. రేవు మీద తప్పెట్లు మొదలయ్యాయి.

దైవసహాయం తలపాగా సర్దుకుని నాగూరమ్మ వైపు తిరిగాడు.

"నాదే తప్పమ్మా. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెబుతున్నా. చుక్కాని నీది."

"చుక్కాని సరే. విరిగిన చెయ్యి సంగతేంటి? పున్నమినాడు నా పక్కన కూర్చుని చుక్కాని తాడు లాగుతావా?"

"లాగుతా."

"మాట్లాడకుండా?"

రేవంతా పగలబడి నవ్వింది. దైవసహాయం కూడా.

పుస్తకంలో రాశాను. విప్పిన పడవ మీద, కదిలే బుట్టలతో. పాతది పన్నెండు, రెండు తగిలాయి. కొత్తది ఊహతో నూట ఇరవై, ఐదు తగిలాయి. కొత్తది ఊహ ఆపి నలభై నాలుగు, ఏమీ తగల్లేదు. ఊహ ఆపిన కొత్తదే మేలు. కొప్పాడ పోలరాజు.



పోటు 18,355

కరుణాకర్ గారు వైర్‌లెస్‌లో కచేరీతో మాట్లాడారు. చాలాసేపు. గోడ అవతలకి గొంతు వినపడింది. ఒకసారి గట్టిగా, "గుండు నా చేతిలో ఉందండీ, తెర మీద ఊగుతోంది, మీకెలా చెప్పమంటారు?" అన్నారు.

బయటికి వచ్చి పెట్టె దగ్గర కూర్చున్నారు.

"పెద్దాయనా, ఈ తీరంలో ఇంకా తొమ్మిది రేవులున్నాయి. తొమ్మిదింటికీ ఇవే కార్డులు ఇచ్చాం. అన్ని సీళ్లూ తీయమన్నారు. ఇక మీదట ఏ కార్డు వచ్చినా విప్పిన పడవ మీద, పాత కార్డు పక్కన పెట్టి చూడాలన్నారు."

"మంచిదండి."

"కానీ ఆ రేవుల్లో పాతవి కరిగించేశారు. పక్కన పెట్టడానికి ఏమీ లేదు."

పెట్టె వైపు చూశారు. నేనూ చూశాను.

తొమ్మిది కార్డులు తొమ్మిది రేవులకు ఇస్తున్నాను. రెండు ఇక్కడ ఉంటాయి. కొలిమికి ఒక్కటీ పోదు. ఒక్కోదాని గుడ్డ మీద దాని గుణం రాశాను. మూడోది వేడెక్కుతుంది, నీడలో ఉంచండి. ఎనిమిదోది మొదట మొరాయిస్తుంది, రెండోసారి లేస్తుంది. ఇలా.

గుండు పరీక్ష కూడా ఒక కాగితం మీద రాయమన్నారు. ఆరు వాక్యాల్లో అయిపోయింది. ఇంకా రాయమన్నారు. ఇంకేం లేదన్నాను.

పోటు 18,362. పున్నమి

పలక మార్చిన నాలుగో నెంబరు ముందు. దాని వెనక పది. రెండు వందల పన్నెండు మంది, మేకలు, కోళ్లు, మూటలు. నన్ను నాలుగో నెంబరు ముక్కు దగ్గర కూర్చోబెట్టి తప్పెట్లు కొట్టారు. వద్దన్నా వినలేదు.

నాగూరమ్మ చుక్కాని. దైవసహాయం ఆమె ఎడమ పక్కన తాడు పట్టుకుని, ఒక్క మాట లేకుండా.

పాత బజారు మీదికి రాగానే అందరూ మాటలు ఆపేశారు. పోయినసారి పడవ చీలింది అక్కడే. తెర మీద సినిమా హాలు గోడ వచ్చింది, పోయింది. స్తంభాలు వచ్చాయి, పోయాయి. నలభై నాలుగు.

అప్పుడు కనిపించింది. నీటి కింద, ఎడమ నుంచి, అడ్డంగా దొర్లుకుంటూ. తాటిదుంగ. రెండు పడవల పొడవుంటుంది.

"తాడు," అంది నాగూరమ్మ.

దైవసహాయం లాగాడు. పడవ కుడికి వాలింది. వెనక పది పడవలూ అదే వంపు తిరిగాయి, ఒకదాని వెనక ఒకటి. దుంగ మా పక్క నుంచి జారిపోయింది. పైన నీళ్ల మీద చిన్న సుడి తప్ప ఏమీ కనిపించలేదు. నా వెనక కూర్చున్న ముసలమ్మ మనవరాలికి జంతిక విరిచి పెడుతోంది. విరవడం ఆపలేదు.

"చూశావా బాబాయ్?"

"చూశానమ్మా."

నాగూరమ్మ వేగం పెంచింది. ఎండలో గట్టు కనిపించింది. కొబ్బరి చెట్లు, వాటి కింద మా కోసం చేతులూపుతున్న మనుషులు. వెనక పడవల్లో ఎవరో పాట ఎత్తుకున్నారు. పదకొండు పడవలూ అందుకున్నాయి. నాకు పాట రాదు. అయినా పాడాను.